అప్‌డేట్: తాళం తీయలేని దొంగ సంగతి

పోయిన నెల అడిగాను, గుర్తుందా? మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో (ఒక్కొక్కరం ఒక పాత్రగా ఆడుతూ, పని ఫలించిందా లేదా అని డైస్ వేసి తేల్చుకునే ఆట) తాళాలు తీయడంలో +5 ఉన్న, అంటే పడిన అంకెకు 5 కలుపుకునే, దొంగ పాత్ర ఓడిపోతుంటే, ఆ విద్యే రాని యోధుడు చటుక్కున తీసేస్తున్నాడని. ఇరవై ముఖాల డైస్ మానేసి మూడు మామూలు డైస్ వేసి కూడమని కొందరన్నారు. నాలుగు ఆదివారాలు అలాగే ఆడాం.

తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. మొత్తం 15 రావాల్సిన తాళానికి పాత పద్ధతిలో దొంగకు 55 శాతం, యోధుడికి 30 శాతం అవకాశం. ఇప్పుడు దొంగకు 62.5, యోధుడికి 9 చిల్లర. యోధుడుగా ఆడే మా బావమరిది మొహం మాడ్చుకున్నాడు, అది వేరే కథ.

కానీ నేను ఊహించని తలనొప్పి ఒకటి వచ్చింది. మూడు డైస్ కూడితే మధ్య అంకెలే ఎక్కువ పడతాయి కదా, అక్కడ +1 కూడా చాలా బరువు. దొంగకు మంచి పనిముట్లిచ్చి +6 చేశానంతే, 62.5 కాస్తా 74 అయింది. పాత లెక్కలో అయితే 5 శాతమే పెరిగేది. ఇక ఎడాపెడా బోనస్‌లు ఇవ్వడం మానేశాను.

పోరాటంలో మాత్రం చప్పబడిపోయింది. పాత డైస్‌లో అన్నిటికంటే పెద్ద అంకె 20 పడగానే అందరూ లేచి అరిచేవాళ్లం. మూడు ఆరులు పడేది 216లో ఒక్కసారి! అందుకే కత్తి యుద్ధానికి మళ్లీ పాత డైసే, నైపుణ్యాలకు మూడు డైస్. తొందర లేని చోట తాళానికి అసలు డైసే వేయించడం లేదు, దొంగ తీసేశాడు అనుకుని ముందుకెళ్తున్నాం.