వెలుతురు, గాలి చాలని గదిలో సక్యులెంట్లు: మీ అనుభవాలు చెప్పండి

ఉత్తరపు కిటికీ: మియాపూర్‌లో రెండో అంతస్తులో ఉంటున్నాము. ఉన్న ఒక్క కిటికీ ఉత్తరం వైపు, పక్క భవనపు గోడకు నాలుగడుగుల దూరంలో తెరుచుకుంటుంది. జూన్‌లో తెచ్చినప్పుడు మూడు ఎచెవేరియాలూ (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే సక్యులెంట్లు) రోజాపువ్వుల్లా గుత్తిగా ఉండేవి. ఇప్పుడు కాడలు జానెడు సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య వేలు పట్టేంత ఎడం వచ్చింది. ఒకదాని కింది ఆకులు పసుపుపచ్చగా, గాజులా మారి ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ఎలాంటి దీపం పెట్టాలి, ఎన్నాళ్ళకొకసారి నీళ్ళు పోయాలి, ఫ్యాను అవసరమా?

విశాఖ తీరం: ఆకులు గాజులా మారాయంటే నీరు ఎక్కువై వేరు కుళ్ళుతోందన్నమాట. మా ఊరి వానాకాలపు ఉక్కలో నేను 18 మొక్కలు ఇలాగే పోగొట్టుకున్నాను. నర్సరీల వాళ్ళు నింపి ఇచ్చే కొబ్బరిపొట్టే దీనికంతటికీ మూలం. పైన వేలు పెడితే పొడిగా తగులుతుంది గానీ, కుండీలోంచి లాగి చూస్తే వేళ్ళ నడుమ ఉన్న ముద్ద పిండితే నీరు కారేంత తడిగా ఉంటుంది. దాన్ని పూర్తిగా దులిపేసి, ముతక ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్లరాతి గుళికలు), ఇటుక ముక్కలు కలిపి మూడు పాళ్ళకు ఒక పాలు ఎర్రమట్టి వేసి, మట్టి కుండీలోకి మార్చండి.

కోనసీమ నర్సరీ: కొబ్బరిపొట్టు మీద నింద వేస్తే ఒప్పుకోను. 11 ఏళ్ళుగా అందులోనే వేలాది మొక్కలు పెంచుతున్నాను. ఉప్పు పోయేలా కడిగి, సగానికి సగం పెర్లైట్ కలిపితే ఏ మొక్కా కుళ్ళదు. రోజూ నీళ్ళు పోసే చేతులది తప్పు గాని పొట్టుది కాదు.

విశాఖ తీరం: మీ షెడ్డుకు నాలుగు వైపులా గాలి ఆడుతుంది కనుక మీ కుండీ మూడు రోజుల్లో ఆరుతుంది. మూసిన గదిలో అదే కుండీ పది రోజులైనా ఆరలేదని నేను కళ్ళారా చూశాను. కొనేవాళ్ళకు ఆ మాట చెప్పకుండా అమ్మడం అన్యాయం.

కోనసీమ నర్సరీ: అన్యాయమన్న మాట వెనక్కి తీసుకోండి. కొన్న ప్రతివారికీ నెలలోపు కుండీ మార్చమని నేనే చెప్పి పంపుతాను.

పడకగది పచ్చదనం: ఎచెవేరియా మానేసి స్నేక్ ప్లాంట్ పెట్టుకోండి. అది రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి కిటికీలు మూసి ఉన్నా ఇబ్బంది లేదు.

విశ్రాంత అధ్యాపకుడు: డిగ్రీ కళాశాలలో 26 ఏళ్ళు వృక్షశాస్త్రం బోధించినవాడిగా దీన్ని ఖండించక తప్పదు. ఈ జాతి మొక్కలు రాత్రి ఆకురంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుని, మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటాయి. వెలుతురు ఉంటేనే నీటి అణువు విడిపోయి ఆక్సిజన్ పుడుతుంది. చీకటిలో పుట్టదు. దయచేసి మొక్కను నమ్ముకుని కిటికీలు మూయకండి.

పడకగది పచ్చదనం: అందరూ రాసేదే రాశాను, ఇంత కటువుగా చెప్పనక్కరలేదు. కానీ నా స్నేక్ ప్లాంట్ మాత్రం మూడేళ్ళుగా అదే మూలలో క్షేమంగా ఉంది.

షికాగో తెలుగింటి తోట: ఇక్కడ చలికాలంలో నెలల తరబడి కిటికీ తెరవలేము. చిన్న క్లిప్ ఫ్యాను రోజుకు నాలుగు గంటలు తిప్పడం మొదలుపెట్టాక నా జేడ్ మొక్క మట్టి త్వరగా ఆరుతోంది. అంతకుముందు ఆకు మొదళ్ళలో పట్టిన పిండినల్లిని దూదిపుల్లకు స్పిరిట్ అద్ది ఒక్కొక్కటిగా తుడవవలసి వచ్చింది.

హవోర్థియా అభిమాని: అసలు లోపం వెలుతురుదే. ఎచెవేరియాలలో ఎక్కువ భాగం మెక్సికో కొండల ఎండకు అలవాటుపడినవి. హవోర్థియా దక్షిణాఫ్రికాలో పొదల నీడన, రాళ్ళ సందుల్లో పెరిగేది కనుక మీ గదికి అదే తగినది. నేను 20 వాట్ల తెల్లని ఎల్ఈడీ పట్టీని మొక్కలకు జానెడు ఎత్తున కట్టి, పగలు 12 గంటలు వెలిగించి, రాత్రి తప్పక ఆర్పేస్తాను. సాగిన కాడ మళ్ళీ పొట్టిది కాదు, తల కోసి నాటుకోవలసిందే.

ఉత్తరపు కిటికీ: ఈ ఉదయం బ్లేడును స్పిరిట్‌తో తుడిచి మూడింటి తలలూ కోశాను. రెండింటి కోత తెల్లగా ఉంది. మూడోదాని నడుమ గోధుమరంగు వలయం కనిపించింది, ఎంత పైకి కోసినా అది పోలేదు. మిగిలిన రెండింటినీ కాగితం మీద ఆరబెట్టాను. నీళ్ళ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

కోనసీమ నర్సరీ: రోజులు లెక్కపెట్టకండి. వెదురుపుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి పావుగంట ఉంచి తీయండి. పుల్ల రంగు మారకుండా, మట్టి అంటకుండా వస్తేనే నీళ్ళు పోయండి. కొబ్బరిపొట్టులోనైనా ఇదే పద్ధతి.