కెనడాలోని ఒంటారియోలో ఫార్మసిస్టు సూది వేయాలంటే ఏమేం ఉండాలి? ఆ అర్హత ఎన్నాళ్లు నిలుస్తుంది?

ప్రశ్న (బ్రాంప్టన్ నుంచి ఒక ఇంటర్న్):

అందరికీ నమస్కారం. గుంటూరులో బి.ఫార్మసీ పూర్తి చేసి, ఇక్కడికి వచ్చాక పీఈబీసీ (కెనడా ఫార్మసీ పరీక్షల బోర్డు) పరీక్షలు గట్టెక్కి, ప్రస్తుతం ఒక ఫార్మసీలో ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. పార్ట్ ఏ ఫార్మసిస్టుగా (అంటే రోగులకు నేరుగా సేవలందించే ఫార్మసిస్టుగా) నమోదైతే టీకాలు వేసే అధికారం దానితోపాటే వస్తుందని కొందరు, అదేమీ కాదు, వేరే శిక్షణ ఉండాలని మరికొందరు చెబుతున్నారు. ఏది నిజం? ఒకసారి వచ్చిన అర్హత ఎప్పటికీ నిలుస్తుందా, లేక మధ్యమధ్యలో పునరుద్ధరించుకోవాలా? మన వైపు సూది వేసేది నర్సమ్మో, ఆర్‌ఎంపీ డాక్టరో తప్ప మందుల షాపువారు కాదు కనుక, చదువుకున్న నాలుగేళ్లలో సిరంజి పట్టి మనిషికి మందు ఎక్కించే సందర్భమే నాకు రాలేదు. అక్టోబరులో ఫ్లూ టీకాల రద్దీ మొదలయ్యే లోపు ఈ సంగతి తేల్చుకోవాలని ఉంది.

జవాబు (మిసిసాగా నుంచి ఒక ఫార్మసిస్టు):

లైసెన్సుతోపాటు రాదండీ. సూది ద్వారా శరీరంలోకి మందు పంపడం ఇక్కడి చట్టంలో నియంత్రిత చర్య. ఏ వృత్తివారు ఎంతవరకు చేయవచ్చో ఆ వృత్తికి సంబంధించిన నిబంధనలే చెబుతాయి. ఒంటారియోలో ఫార్మసిస్టులు 2012లో ఫ్లూ టీకాతో మొదలుపెట్టారు. 2016 డిసెంబరులో హెపటైటిస్, టైఫాయిడ్, రేబిస్, షింగిల్స్ వంటి మరో 13 వ్యాధుల టీకాలు కూడా చేర్చారు. కోవిడ్ టీకాల సంగతి అందరం చూసినదే.

మీకు ముందుగా కావలసినది ఒంటారియో కాలేజ్ ఆఫ్ ఫార్మసిస్ట్స్ (పేరుకు కాలేజీ గానీ, ఇక్కడి ఫార్మసిస్టులను నమోదు చేసి నియంత్రించే సంస్థ) ఆమోదించిన ఇంజెక్షన్ శిక్షణ. కొంత భాగం ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చదివి పరీక్ష రాసేది, మిగతాది ఒక రోజు స్వయంగా వెళ్లి చేతితో చేసి చూపించేది. దానితోపాటు ప్రథమ చికిత్స, సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) ధ్రువపత్రాలు గడువు దాటకుండా ఉండాలి. ఇవన్నీ అయ్యాక శిక్షణ పూర్తయిన సంగతిని కాలేజీ వద్ద నమోదు చేయించుకోవాలి. చాలామంది మరచిపోయేది ఈ చివరి మెట్టే. శిక్షణ సంస్థవారు ఇచ్చిన కాగితాన్ని ఫార్మసీ గోడకు తగిలించినంత మాత్రాన అధికారం రాదు. కాలేజీ రిజిస్టరులో ఎక్కిన తరువాతే సూది ముట్టుకోవాలి. ఇంటర్న్‌గా ఉండగానే ఈ శిక్షణ తీసుకోవచ్చు కాబట్టి పార్ట్ ఏ నమోదు వచ్చేదాకా ఆగకండి.

ఇక నిలబెట్టుకోవడం విషయానికి వస్తే, చిక్కు వచ్చేది ఎక్కువగా ప్రథమ చికిత్స ధ్రువపత్రంతోనే. రెడ్‌క్రాస్ వారి స్టాండర్డ్ ఫస్ట్ ఎయిడ్‌కు గడువు మూడేళ్లు. ఎవరూ గుర్తు చేయరు. జూలైలో గడువు తీరిన సంగతి అక్టోబరులో, బయట జనం వరుసలో నిలబడి ఉండగా తెలిస్తే, ఆ రోజుకు మీరు టీకా వేయకూడని మనిషి. పక్కనున్నవారు మీ వంతు కూడా మోయవలసి వస్తుంది.

జవాబు (బ్రిటిష్ కొలంబియా నుంచి మరొకరు):

మా రాష్ట్రంలో 2009 నుంచి ఫార్మసిస్టులు సూది వేస్తున్నారు. పైవారు చెప్పిన ప్రథమ చికిత్స, సీపీఆర్ షరతులు ఇక్కడా ఉన్నాయి. అదనంగా, గత మూడేళ్లలో సూది వేసి ఉన్నామని నమోదు పునరుద్ధరణ సమయంలో ప్రకటించాలి; వేయకపోతే శిక్షణ మళ్లీ తీసుకోవాలి. ఇది వేధింపని విసుక్కునే మిత్రులున్నారు గానీ, నా దృష్టిలో ఇంతకంటే సబబైన నియమం లేదు. ఆన్‌లైన్ పాఠం ఎన్నిసార్లు చదివినా చేతికి అలవాటు తప్పితే ఆ లోటు పాఠం తీర్చదు. మీరు రేపు రాష్ట్రం మారితే ఒంటారియోలో నమోదైన శిక్షణ అక్కడ దానంతట అదే చెల్లుతుందని కూడా అనుకోకండి. ప్రతి రాష్ట్రానికీ తన కాలేజీ, తన రిజిస్టరు వేరు.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. శిక్షణలో చేతితో చేసి చూపించే రోజు ఏం చేయిస్తారు? నిజంగా మనుషులకే వేయిస్తారా?

జవాబు (మిసిసాగా నుంచి):

నేను వెళ్లిన చోట పక్కన కూర్చున్న తోటి ఫార్మసిస్టుకే ఉప్పునీటి ద్రావణంతో వేయించారు. ఆ తరువాత నా జబ్బ ఆయనకు అప్పగించాను. కండరంలోకి, చర్మం కిందికి, రెండు రకాలూ వేసి చూపించాలి. భుజం పైన గట్టిగా తగిలే ఎముక అంచును వేలితో తడిమి, అక్కడి నుంచి రెండు మూడు వేళ్ల వెడల్పు కిందికి దిగి, కండరం దట్టంగా ఉన్న చోట తొంభై డిగ్రీల కోణంలో గుచ్చాలి. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు మరీ పైన గుచ్చడం. అలా గుచ్చితే మందు భుజం కీలు దగ్గరికి చేరి, నెలల తరబడి చేయి పైకి ఎత్తలేనంత నొప్పి మిగలవచ్చు. టీకా వేయించుకునేవారు చొక్కా చేయి పైకి మడిచి సరిపెట్టుకుంటామంటే మొహమాటపడకుండా భుజం మొత్తం కనిపించేలా తీయమని అడగండి, మీరు కూడా కుర్చీ వేసుకుని వారి ఎత్తుకు కూర్చోండి. నిలబడి వేస్తే చేయి తెలియకుండానే పైకి పోతుంది.

పరిశీలకులు సూది గుచ్చడంతో ఆగరు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా నేరుగా షార్ప్స్ డబ్బాలో (వాడిన సూదులు పారేసే గట్టి డబ్బాలో) వేశారా, టీకా తరువాత మనిషిని పదిహేను నిమిషాలు కూర్చోబెట్టారా, ఒంటిమీద దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోతే ఎపినెఫ్రిన్ (తీవ్రమైన అలర్జీకి వేసే అత్యవసర మందు) ఎక్కడ వేస్తారు (జబ్బకు కాదు, తొడ వెలుపలి వైపు) అని అడుగుతారు. ప్రథమ చికిత్స, సీపీఆర్ తప్పనిసరి చేసింది ఇందుకే. ఆ కోర్సుకు ముందే వెళ్లి రండి. సెప్టెంబరులో అందరూ ఒక్కసారిగా మీద పడటంతో తేదీలు దొరకవు.