క్లినిక్‌కి పదేళ్లు: పేషెంట్లకీ ఊరికీ థ్యాంక్స్ చెప్పాలంటే ఏం చేస్తే బాగుంటుంది? (పర్లాకిమిడి)

పర్లాకిమిడి తమ్ముడు
అందరికీ నమస్కారం. మా అప్పకి (అక్కకి) ఇక్కడ పర్లాకిమిడిలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. ముందు గదిలో కూర్చుని పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం నా పని. ఈ సెప్టెంబరుకి క్లినిక్‌కి పదేళ్లు నిండుతాయి. సెప్టెంబర్ 8 ఎలాగూ ప్రపంచ ఫిజియోథెరపీ దినం కాబట్టి ఆ రోజు పేషెంట్లకీ ఊరివాళ్లకీ కృతజ్ఞతగా ఏదో ఒకటి చెయ్యాల్సిందేనని అప్ప పట్టుబట్టి కూర్చుంది.

ఎందుకంత పట్టుదల అంటే, మొదట్లో మా దగ్గరికి వచ్చేవాళ్లే లేరు. పక్షవాతం వస్తే పసరు మందుకీ నూనె మర్దనాకీ వెళ్లేవాళ్లు, మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కునేవాళ్లు. అప్పని 'కరెంటు పెట్టే అమ్మ' అనేవారు. అప్పుడు భుజం బిగుసుకుపోయిన ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. ఆయనకి షుగరు కూడా ఉంది, షుగరున్నవాళ్లకి ఈ భుజం బాధ ఎక్కువట. నెలల తరబడి గోడ మీద వేళ్లతో పాకించి పాకించి చివరికి చొక్కా తనంతట తానే తొడుక్కున్న రోజున ఆయనే బజారంతా తిరిగి చెప్పారు. మా క్లినిక్‌కి ప్రచారం అంటే అదే. లాక్‌డౌన్‌లో మూసేసినప్పుడు కూడా పాత పేషెంట్లు ఫోన్ చేసి మరీ 'అద్దె ఎలా కడుతున్నారు' అని అడిగేవారు. గుమ్మా, సెరంగో వైపు నుంచి వచ్చే సవరవాళ్లయితే ఫీజుతో పాటు పనసకాయో, పసుపుకొమ్ములో, అనాసపళ్లో పట్టుకొస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

మేం అనుకున్నవి మూడు: ఒకరోజు ఉచిత క్యాంపు, పాత పేషెంట్లకి శాలువాతో సన్మానం (ఫోటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెడదామని బావ గొడవ), లేకపోతే అందరికీ భోజనాలు. చేతిలో నలభై వేల దాకా ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

బరంపురం ఫిజియో
నేనూ అదే వృత్తి. ముందుగా మీ అప్పగారికి శుభాకాంక్షలు చెప్పండి, మన జిల్లాల్లో పదేళ్లు నిలబెట్టడం మాటలు కాదు.

క్యాంపు మాత్రం వద్దండి. కంటి క్యాంపు అయితే అర్థముంది, చూసి అద్దాలు రాసిస్తారు. మన పని అలా కాదు కదా. వందమంది వస్తారు, ఒక్కొక్కరికి పది నిమిషాలు ఐఎఫ్‌టీ మెషిన్ (నొప్పికి సన్నగా కరెంటు పెట్టేది) పెడతారు, ఆ పూటకి హాయిగా ఉంటుంది, ఎల్లుండికి నొప్పి మళ్లీ మొదలు. 'ఉచితంగా చేశారు, తగ్గలేదు' అనే మాట ఊళ్లో మిగులుతుంది. పైగా ఆ హడావిడిలో రోజూ వచ్చే పక్షవాతం పేషెంటుకి ఆ రోజు వ్యాయామం పోతుంది.

దానికి బదులు పేషెంట్లని చూసుకునే ఇంట్లోవాళ్లని పిలవండి. వాళ్లకి థ్యాంక్స్ చెప్పేవాళ్లు ఎక్కడా ఉండరు. భార్యో, కోడలో, కొడుకో నెలల తరబడి ఎత్తి దించి వాళ్ల నడుములే పడిపోతుంటాయి. ఒక సాయంత్రం మంచం, కుర్చీ వేసి చేయించి చూపించండి. మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు తొంభైమంది చేసేది ఒకటే, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. ఆ భుజం కండలకి అప్పటికే పట్టు ఉండదు, లాగితే కీలు జారుతుంది, ఇక ఆ నొప్పికి పేషెంటు వ్యాయామమే మానేస్తాడు. కుర్చీ బాగున్న చెయ్యి వైపు మంచానికి ఆనించి పెట్టాలి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. పేషెంటు బాగా ముందుకి వంగాలి, ముక్కు పాదాల మీదికి వచ్చేంత. నడుముకి గట్టి తువ్వాలు చుట్టి దాన్ని పట్టుకోవాలి, మన మోకాలితో వాళ్ల బలహీనమైన మోకాలికి అడ్డు పెట్టాలి. ఇదంతా నోటితో చెబితే బుర్రకెక్కదు. కోడలు స్వయంగా ఒకసారి మామగారిని అలా లేపి చూసుకుంటే ఇక మర్చిపోదు.

అలాగే రెండు గంటలకోసారి పక్క మార్చడం, ఆ చెయ్యి కింద దిండు పెట్టడం, తిమ్మిరెక్కిన షుగరు పాదాలకి వేడినీళ్ల కాపడం పెట్టకపోవడం (కాలినా తెలీదు, పుండయ్యాకే తెలుస్తుంది) ఇవన్నీ ఆ సాయంత్రమే చెప్పేయొచ్చు. ఖర్చు టీ, బిస్కెట్లు.

కాశీనగరం కోడలు
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు. మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు నేనూ ఆ చెయ్యి పట్టుకునే లాగేదాన్ని, చెప్పినవాళ్లు లేరు.

సన్మానం, ఫోటోలు మాత్రం దయచేసి వద్దు తమ్ముడూ. వేరే ఊళ్లో ఒక క్లినిక్‌లో మా అత్తగారి చేతికి 'నేను నడుస్తున్నాను' అని రాసిన అట్ట ఇచ్చి నిలబెట్టి ఫోటో తీశారు. నోరు అప్పటికింకా కొంచెం వంకరగానే ఉంది ఆవిడకి. రోజూ సేవ చేస్తున్న డాక్టరమ్మ అడిగితే కాదని ఎలా అంటారు, మొహమాటం. తరవాత ఆ ఫోటో మా చుట్టాల గ్రూపులన్నీ తిరిగింది, పెళ్లికి పిలిచినా ఆవిడ రానంది. అడిగి తీశాం కదా అంటారు. మన దగ్గర వైద్యం చేయించుకుంటున్న మనిషిని అడగడమే ఒక ఒత్తిడి.

ఇంకో మాట. మీ క్లినిక్‌కి మెట్లెన్ని? నేను చూసిన వాటిలో సగం క్లినిక్కులు మోకాళ్ల నొప్పులకి మేడ మీదే ఉంటాయి, ఎక్కగలిగితే అసలు మీ దగ్గరికి ఎందుకొస్తాం! బాత్రూంలో కమోడ్ ఉందా, పట్టుకోడానికి గోడకి కడ్డీ ఉందా? శాలువా డబ్బులు అక్కడ పెడితే రోజూ దణ్ణం పెట్టుకుంటారు.

ఊరికే చదివేవాణ్ణి
కృతజ్ఞత పేరుతో పబ్లిసిటీ చేసుకుంటున్నారని అనిపిస్తోంది నాకైతే. పదేళ్లు ఫీజు తీసుకున్నారు, సేవ చేశారు, లెక్క సరిపోయింది. ఇందులో థ్యాంక్స్ దేనికి? అంతగా ఉంటే లేనివాళ్ల దగ్గర ఫీజు తగ్గించండి, చాలు.

పర్లాకిమిడి తమ్ముడు
@ఊరికే చదివేవాణ్ణి, ఫీజు ఇవ్వలేనివాళ్ల దగ్గర అప్ప ఇప్పటికీ తీసుకోదు, అది బయటికి చెప్పుకోవడం ఆవిడకి నచ్చదు, నేను చెప్పానని తెలిస్తే తిడుతుంది. పబ్లిసిటీ మాట బావకి చూపించాను, ఫ్లెక్సీ ఆర్డరు ఆపేశాడు, దానికి మీకు థ్యాంక్స్.

@కాశీనగరం కోడలు, అక్కా, కింది అంతస్తే గానీ మూడు మెట్లున్నాయి. ఒక్కోటి ఆరంగుళాలు. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లని నేనూ ఆటో అబ్బాయీ కలిసి ఎత్తి లోపలికి తెస్తాం. ర్యాంపు అన్న ఆలోచనే రాలేదు ఇన్నాళ్లూ. ఎంత పొడవు కావాలో ఎవరికైనా తెలుసా? వరండా ముందు కాలవ దాకా తొమ్మిది అడుగులే ఉంది.

గుణుపురం జేఈ
సివిల్ ఇంజనీర్ని, చెబుతాను. లెక్క ఒకటికి పన్నెండు. అంటే ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. మీవి మూడు మెట్లు, మొత్తం పద్దెనిమిది అంగుళాలు, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. మేస్త్రీలు తొమ్మిది అడుగుల్లో కానిచ్చేద్దాం బాబూ అంటారు, వినకండి. అంత ఏటవాలులో వీల్‌చైర్ తోసే మనిషి కాళ్లు జారతాయి, దిగేటప్పుడు ఆపలేరు. అది బైకులు ఎక్కించుకోడానికి తప్ప పనికిరాదు.

చోటు లేనప్పుడు మలుపు తిప్పాలి. గోడ వెంట తొమ్మిది అడుగులు, మూలలో ఐదడుగుల చదును, మళ్లీ తొమ్మిది అడుగులు. పక్కన జాగా ఉందా? వెడల్పు నాలుగడుగులైనా ఉంచండి, రెండు వైపులా పట్టుకునే పైపు, అంచుల్లో చిన్న గట్టు (లేకపోతే చక్రం పక్కకి దిగిపోతుంది). మెట్లు తీసెయ్యకండి, కర్రతో నడిచేవాళ్లలో చాలామందికి ర్యాంపు కన్నా మెట్లే సులువు, వాటికీ ఒక పైపు వేయించండి. అద్దె ఇల్లయితే ముందు ఓనర్ని అడగండి.

గుమ్మా రోడ్డు
నాది కొండ వైపు ఊరు, సవర ఇంట్లోనే పుట్టాను, తెలుగు పర్లాకిమిడి హాస్టల్లో నేర్చుకున్నాను. పనసకాయ సంగతి రాశారు కాబట్టి రాస్తున్నా.

మావాళ్లు రోజూ రాలేరు. బస్సు దొరికిన రోజు వస్తారు, తిరుగు బస్సు టైము చూసుకుంటూనే కూర్చుంటారు, అమ్మగారు నాలుగు వ్యాయామాలు చెబితే బస్సెక్కేసరికి రెండు గుర్తుంటాయి, ఇల్లు చేరేసరికి ఒకటి. కాగితం ఇస్తారు, ఒడియాలో ఉంటుంది లేదా తెలుగులో. సవరకి లిపి ఉంది, 1936లో మంగెయ్ గొమాంగో చేసింది, కానీ మా పెద్దవాళ్లలో అది చదివేవాళ్లు తక్కువే. అందుకని సవరలో మాట్లాడి రికార్డు చేసి ఫోన్లో పంపండి. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టు, కిందికి నొక్కు, పది లెక్కపెట్టు, వదులు. అంతే, అరనిమిషం. ఇంటికొకరి దగ్గరైనా ఫోను ఉంటుంది, పిల్లలు పెట్టి వినిపిస్తారు. గొంతు నేనిస్తాను, డబ్బులేం వద్దు.

గిడుగు రామమూర్తిగారు మీ ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే సవర నేర్చుకున్నారు. మీ అప్పగారు 'ఎక్కడ నొప్పి', 'నెమ్మదిగా', 'మళ్లీ ఎప్పుడొస్తావు' ఈ మూడూ నేర్చుకుంటే మా అమ్మమ్మ మరో రెండు పనసకాయలు తెస్తుంది, ముందే చెబుతున్నా!

బరంపురం ఫిజియో
గుమ్మా రోడ్డు గారూ, మీరు చెప్పింది నేను మా క్లినిక్‌లోనూ చేస్తాను, ఆ రికార్డింగు నాకూ పంపండి. తమ్ముడూ, ఆటో అబ్బాయిల్ని మర్చిపోవద్దు. డబ్బులడక్కుండా పేషెంట్లని ఎత్తి లోపల కూర్చోబెట్టేది వాళ్లే, రోజంతా గతుకుల్లో తిరిగి నడుం నొప్పి తెచ్చుకునేదీ వాళ్లే. ఆ సాయంత్రానికి స్టాండులోవాళ్లనీ పిలవండి, ఎత్తే పద్ధతి వాళ్లకీ వస్తుంది. ఆశా కార్యకర్తలని కూడా. ఇంకోటి, లడ్డూలు పంచకండి బాబూ, వచ్చేవాళ్లలో సగం మంది షుగరు వాళ్లే. ఉడికించిన శనగలు పెట్టండి.

పర్లాకిమిడి తమ్ముడు
అందరివీ అప్పకి చదివి వినిపించాను. క్యాంపు లేదు, సన్మానం లేదు. 8న సాయంత్రం ఇంట్లోవాళ్లకీ ఆటోవాళ్లకీ నేర్పించడం ఖాయం, వాళ్ల చేతుల మీదుగానే చిన్న కేకు కోయిస్తుందట (శనగలు కూడా ఉంటాయి!). శాలువా డబ్బులన్నీ ర్యాంపుకే. ఓనరుగారి అమ్మగారు మా పేషెంటే, ఆ వీల్‌చైర్ ఎత్తుడు రోజూ చూస్తున్నారు కాబట్టి ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. పక్క జిరాక్స్ షాపాయన తన గోడ వెంట జాగా వాడుకోమన్నాడు, కాకపోతే ఆయన బైకు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు.

జేఈ గారూ, మేస్త్రీ పైన టైల్స్ వేస్తే అందంగా ఉంటుందంటున్నాడు, వేయించమంటారా?

గుణుపురం జేఈ
వద్దు. వానకి తడిస్తే నున్నటి టైలు మీద కర్ర జారుతుంది. సిమెంటు మీద పచ్చిగా ఉండగానే అడ్డంగా గీతలు గీయించండి, అదీ మరీ లోతుగా కాదు, వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, ఇరుక్కుంటాయి. కనీసం వారం రోజులు నీళ్లు కొట్టి ఆరాకే వాడండి. సెప్టెంబరు లోపు కావాలంటే వానలు ముదరకముందే మొదలుపెట్టేయండి.