సారా ఉద్యమం పాఠం వల్ల వచ్చిందా, కడుపుమంట వల్లా?

లాంతరు: మీడియా ప్రభావం అనగానే అందరూ టీవీ, ఫోన్ అంటారు. నేను ఒక వాచకం చూపిస్తా. నెల్లూరు జిల్లాలో పెద్దవాళ్ల రాత్రి బడుల కోసం రాసిన పుస్తకంలో, ఆ జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించిన కథ ఉంది. అది చదివాకే మిగతా ఊళ్లలోనూ కొట్లు మూతపడ్డాయి. 1992లో జిల్లాలో సారా వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. ఇంకేం రుజువు కావాలి?

పెన్నాగట్టు: కోడి కూసింది కాబట్టే తెల్లారిందన్నట్టుంది. ఆ వాచకం చదివిన ఊళ్లన్నీ లేచాయా? బడి గడప తొక్కనివాళ్లు ఎందుకు రోడ్డెక్కారు? ఆ పోలిక లేకుండా రుజువు అనకండి.

బుజ్జిగాడు: సారా సీసాల్లో అమ్మేవాళ్లా, ప్యాకెట్లలోనా?

సర్వేబాబు: ప్యాకెట్లు. అసలు సంగతికొస్తే, 1940 అమెరికా ఎన్నికలప్పుడు సామాజికవేత్త లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసింది. రేడియో, పేపర్ల ప్రచారం వల్ల ఓటు మార్చుకున్నవాళ్లు కొద్దిమందే. వాటికన్నా తెలిసిన మనిషి మాటే ఎక్కువ పనిచేసింది. ఇక్కడా అంతే, పాఠం ఎవరు చదివి వినిపించారు, తర్వాత ఏం మాట్లాడుకున్నారో చూడాలి.

లాంతరు: చదివి వినిపించింది మా అమ్మ! పగలంతా పొలంలో చేసి, రాత్రి పైసా తీసుకోకుండా చెప్పింది. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు.

పెన్నాగట్టు: ఓహో, ఇదా బాధ! మా అమ్మమ్మకి అక్షరం రాదు, ఆ బడికీ పోలేదు. కూలి డబ్బులు తాత సారాకి తగలేసి వస్తే, బియ్యం లేక ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయేది. కొట్టు ముందు కూర్చోమని ఆవిడకి పుస్తకం చెప్పాలా? ఎవరో వచ్చి చెబితే తప్ప ఆడవాళ్లు కదలరనేగా మీ ఉద్దేశం!

లాంతరు: నేనలా అన్నానా? ఆ ఎసరు అంతకు ముందు ఇరవై ఏళ్లూ ఇగిరింది. మరి 1992లోనే ఎందుకు లేచారు? పక్కింట్లోనూ అదే గోస అని పదిమందీ ఒకచోట కూర్చున్నాకే తెలిసింది.

పెన్నాగట్టు: బావి దగ్గర తెలీదా?

లాంతరు: తెలిస్తే ముందే మూయించేవాళ్లుగా!

సర్వేబాబు: దూబగుంట పక్క ఊళ్లలో, ఆ బడికి పోనివాళ్లని ఎవరైనా అడిగారా?

బుజ్జిగాడు: మా నాన్న సీసాలే అంటున్నాడండీ.