అడవి కార్బన్ అమ్మకం: ముందు పట్టానా, ముందు డబ్బా?

నీలిమేఘం:
అడవిని నరకకుండా కాపాడినందుకు, గాలిలో కలవకుండా ఆగిన కార్బన్‌ను కార్బన్ క్రెడిట్లుగా లెక్కగట్టి, తమ పొగకు బదులుగా చూపుకునే కంపెనీలకు అమ్ముతున్నారు. అక్కడ తరాలుగా బతుకుతున్న ఆదివాసులకు చాలాచోట్ల ఆ నేల మీద కాగితం లేదు. హక్కు తేలేదాకా అమ్మకం ఆపాలా? ఆపకూడదని నా అభిప్రాయం. పట్టాలు తేలేసరికి దశాబ్దాలు గడుస్తాయి, అప్పటిదాకా బుల్డోజర్లు ఆగవు. దక్షిణ అమెరికాలోని గయానా చూడండి. 2022 డిసెంబరులో హెస్ అనే చమురు కంపెనీతో కనీసం 75 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అందులో 15 శాతం ఆదివాసీ గ్రామాలకు ఇస్తామంది. చేతికొచ్చే డబ్బు వద్దనమని వాళ్లకు మనమెలా చెప్తాం?

చింతచెట్టు:
నీలిమేఘం గారూ, మీరన్న గయానానే తీసుకుందాం. అక్కడ ఒప్పుకున్నదెవరు? ప్రభుత్వం చూపించేది టోషావోల జాతీయ మండలి తీర్మానాన్ని. టోషావో అంటే ఊరు ఎన్నుకున్న పెద్ద. పెద్దలంతా ఒకచోట చేరి సరేనంటే ప్రతి ఊరూ ఒప్పుకున్నట్టు కాదని అక్కడి ఆదివాసుల సంఘం అమెరిండియన్ పీపుల్స్ అసోసియేషన్ 2023లో ఫిర్యాదు చేసింది. క్రెడిట్లు జారీ చేసిన సంస్థ దాన్ని కొట్టేసింది.

ఐక్యరాజ్యసమితి 2007 ప్రకటన అడిగేది ఒత్తిడి లేకుండా, అన్నీ తెలిసి, ముందుగా ఇచ్చే సమ్మతి. ఆ "ముందుగా" దగ్గరే నాకు బాధ. దేశం మొత్తం అడవిని ఒకే లెక్కలో వేసి, క్రెడిట్లు పుట్టించి, ఆ తర్వాత వాటా పంచుతామంటే ఊరు బేరమాడేదెప్పుడు? 15 శాతం ఎక్కువా తక్కువా అని నేను అడగడం లేదు. ఆ అంకె వాళ్లతో కూర్చుని తేల్చిందేనా అని అడుగుతున్నాను. ఇంకో సంగతి. చాలా తెగలు కొన్నేళ్లు సాగు చేసి, నేలను బీడు వదిలి, మళ్లీ అక్కడికే వస్తాయి. దాన్ని నరికివేతగా లెక్కేస్తే రేపు వాళ్ల తిండికే ఎసరు.

దారిదీపం:
పట్టా ఉంటే అన్నీ సర్దుకుంటాయా? బ్రెజిల్‌లో సురుయి అనే ఆదివాసీ తెగకు హద్దులు గీసిన నేల ఉంది. కార్బన్ ప్రాజెక్టు కూడా వాళ్లే నడిపారు, 2013లో నతురా కంపెనీకి క్రెడిట్లు అమ్మారు. తర్వాత అక్రమంగా గనులు తవ్వేవాళ్లు చొరబడ్డారు. 2018లో ప్రాజెక్టు ఆగిపోయింది.

చింతచెట్టు:
నిజమే అండీ, కాగితం ఒక్కటే సరిపోదు. కెన్యాలో ఒగియెక్ ప్రజలు 2017లో ఆఫ్రికా మానవ హక్కుల కోర్టులో గెలిచారు, 2022లో పరిహారం ఇమ్మని తీర్పూ వచ్చింది. అయినా 2023 నవంబరులో మావు అడవిలో వాళ్ల ఇళ్లు కూల్చారు. కానీ కోర్టుకెళ్లి నిలబడగలిగింది ఆ నేల తమదని చెప్పుకోగలిగారు కాబట్టే. ఇండోనేషియాలో 2013లో రాజ్యాంగ న్యాయస్థానం, ఆదివాసీ సంప్రదాయ అడవి ప్రభుత్వ అడవి కాదని తేల్చింది. అలాంటి మాట లేనిచోట క్రెడిట్ల యజమాని ప్రభుత్వమే అవుతుంది.

అందుకే అమ్మకాలన్నీ ఆపమని నేననను. తన సభలో చర్చించుకుని సరేనన్న ఊరు అమ్ముకోవచ్చు. హద్దు తగాదా తేలని నేలను మాత్రం లెక్కలో కలపకూడదు.

నీలిమేఘం:
తగాదా ఉన్న నేలను పక్కనపెట్టడానికి నేనూ ఒప్పుకుంటాను. మరి అన్నాళ్లూ ఆ అడవికి కాపలా ఖర్చు ఎవరిది?

చింతచెట్టు:
ప్రభుత్వానిదే. హద్దులు తేల్చకుండా నాన్చుతున్నది అదే కదా. ఆ ఖర్చు తన మీద పడితేనైనా సర్వే త్వరగా కదులుతుంది.