ఖాళీ స్థలంలో కొమ్మలు కాల్చితే ఫైరింజన్ ఖర్చు ఎవరి మీద పడుతుంది?

ప్రశ్న: మా స్థలంలో కొట్టివేసిన చెట్ల కొమ్మలు, ఎండుగడ్డి పెద్ద కుప్పగా పడి ఉన్నాయి. అనుమతి తీసుకొని, కూలి మనిషి చేత వాటిని తగలబెట్టించాలనుకుంటున్నాను. పొరపాటున మంట పక్కకు పాకి, అగ్నిమాపక దళం రావలసి వస్తే ఆ ఖర్చు నేను భరించాలా, నిప్పు పెట్టిన మనిషి భరించాలా? చేతిలో అనుమతి పత్రం ఉంటే మినహాయింపు దొరుకుతుందా?

జవాబు: అనుమతి లేకుండా కాల్చారన్న జరిమానా నుంచి ఆ పత్రం మిమ్మల్ని కాపాడుతుంది, అదీ అందులోని షరతులన్నీ పాటిస్తేనే. ఖర్చు మాట వేరు. జరిమానా తప్పుకు పడే శిక్ష అయితే, ఖర్చు వసూలు అనేది బండి, సిబ్బంది, సామగ్రి మీ స్థలానికి వచ్చినందుకు వేసే బిల్లు, కాబట్టి రెండూ ఒకేసారి మీద పడే అవకాశం కూడా ఉంది.

ఎవరు కట్టాలన్నది చట్టం రాసిన తీరును బట్టి మారుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆరోగ్య, భద్రతా స్మృతి 13009వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యంగా గాని చట్టవిరుద్ధంగా గాని నిప్పు పెట్టినవారు, తమ మంటను బయటకు పాకనిచ్చినవారు, దాన్ని ఆర్పడానికి అయిన ఖర్చుకు బాకీపడతారు. కెనడాలోని ఒంటారియోలో పలు మునిసిపాలిటీలు బిల్లును నేరుగా స్థల యజమాని పేర వేస్తాయి. కట్టకపోతే ఆస్తి పన్ను బకాయిలో కలిపి వసూలు చేస్తాయి. ఈ రెండో పద్ధతి ఉన్నచోట అగ్గిపుల్ల గీసింది కూలి మనిషి అన్న వాదన మీకు పెద్దగా అక్కరకు రాదు. ముందు మీరు కట్టి, ఆపైన అతనితో తేల్చుకోవాలి. కాబట్టి అనుమతికి దరఖాస్తు చేసేటప్పుడే, ఖర్చు వసూలుకు సంబంధించిన స్థానిక నిబంధన ప్రతిని కూడా అడిగి తీసుకోండి.

షరతులు చాలాచోట్ల ఒకే ధోరణిలో ఉంటాయి: ఒకసారికి ఒకే కుప్ప, కట్టడాలకూ కంచెకూ ఎడం, నీళ్ల గొట్టం సిద్ధంగా ఉండడం, చివరిదాకా ఒక పెద్ద మనిషి కాపలా. గాలి లేచిన రోజున అనుమతి ఉన్నా కాల్చకూడదు. ప్లాస్టిక్, టైర్లు, రంగు వేసిన చెక్క కుప్పలోకి రాకూడదు. పాత కంచె గుంజల విషయంలో మరీ జాగ్రత్త, చెదలు పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించిన కర్రను కాల్చితే ఆ విషం బూడిదలో మిగులుతుంది.

మరో ప్రశ్న: సాయంత్రం పూట కాల్చడం మేలని విన్నాను. నిజమేనా?

జవాబు: మంట పాకడం వరకు చూస్తే నిజమే. ఒంటారియో అటవీ అగ్ని నిబంధనలు కూడా సూర్యాస్తమయానికి 2 గంటల ముందు నుంచి మాత్రమే నిప్పు పెట్టనిస్తాయి, ఎందుకంటే ఆ వేళకు సాధారణంగా గాలి తగ్గి, తేమ పెరుగుతుంది. అయితే చల్లబడిన నేల మీద పొగ పైకి లేవక ఇరుగుపొరుగు కిటికీల దగ్గరే తచ్చాడుతుంది. వారు కంగారుపడి ఫోన్ చేస్తే బండి వస్తుంది. వచ్చి ఊరికే తిరిగి వెళ్లినా కొన్నిచోట్ల బిల్లు పడుతుంది. ముందురోజే ఇరుగుపొరుగుకు ఒక మాట చెప్పి ఉంచితే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

మరో ప్రశ్న: మంట చల్లారి బూడిద మిగిలాక వదిలి వెళ్లవచ్చా? ఒకవేళ బిల్లు వస్తే అభ్యంతరం చెప్పుకొనే వీలుందా?

జవాబు: అలా వదిలి వెళ్లడమే అసలు ప్రమాదం. పైన తెల్లటి బూడిద కనిపిస్తున్నా అడుగున నిప్పు రోజుల తరబడి రగులుతూ ఉండగలదు; ఎండిన వేరు అంటుకుంటే నేల లోపలే పాకి మరోచోట పైకి తేలుతుంది. నీళ్లు పోసి, పారతో తిరగేసి, మళ్లీ నీళ్లు పోయండి. అరచేతి వెనకవైపు బూడిదకు కాస్త పైన పట్టి చూడండి. సెగ తగిలితే పని ఇంకా మిగిలి ఉన్నట్లే.

బిల్లు వస్తే కట్టేముందు ఘటన నివేదిక ప్రతి అడగండి. ఎన్ని బండ్లు వచ్చాయో, ఏ సమయానికి చేరి ఏ సమయానికి వెనుదిరిగాయో అందులో ఉంటుంది. గంటల లెక్కన వేసే బిల్లులో అభ్యంతరానికి ఆధారం అదే. ఆస్తి బీమా ఉంటే ఈ ఖర్చు దాని కిందికి వస్తుందో లేదో నిప్పు పెట్టకముందే కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి.