పాత కార్బురేటర్ ఇంట్లోనే విప్పి కడిగినవాళ్లు ఉన్నారా?

మూలనపడ్డబండి: చాలాకాలం కదలని బండి. చోక్ లాగితేనే స్టార్టవుతోంది, చోక్ తీస్తే ఆగిపోతోంది. ఓవర్‌ఫ్లో పైపులోంచి పెట్రోల్ కూడా కారుతోంది. కార్బురేటర్ నేనే విప్పుదామనుకుంటున్నా. రిపేర్ కిట్ మొత్తం మార్చాలా, రబ్బరు ఓరింగులు మారిస్తే చాలా?

నట్టుబోల్టు: పైలట్ జెట్ (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ పంపే చిన్న ఇత్తడి ముక్క) మూసుకుపోయింది, అంతే. పెట్రోల్ ఎండి జిగురు కట్టేస్తుంది. జెట్ తీసి వెలుతురుకు పెట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా కనబడకపోతే మళ్లీ క్లీనర్‌లో నానబెట్టండి. తీగ మాత్రం గుచ్చొద్దు, ఇత్తడి కదా, రంధ్రం పెద్దదైపోతుంది.

టూస్ట్రోక్_పొగ: ముందు స్క్రూల సంగతి చెప్పండయ్యా! జపాన్ కార్బులకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూలుంటాయి. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తలలు అరుగుతాయి. నా బండి పాత ఓనరు అన్నీ గుండు చేసి పెట్టాడు. డ్రిల్ చేసి తీయాల్సొచ్చింది.

గ్యారేజ్_గురువు: గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ తీసేముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లో రాసుకో. బిగించేయకు, కొన పాడవుతుంది. గుర్తుంచుకో, బయటికి తిప్పితే లీన్, అంటే పెట్రోల్ పాలు తక్కువ (ఎక్కువైతే రిచ్).

నట్టుబోల్టు: తప్పు. బయటికి తిప్పితే రిచ్.

గ్యారేజ్_గురువు: ఎన్ని కార్బులు విప్పానో నాకే లెక్కలేదు. నువ్వా నాకు చెప్పేది?

నట్టుబోల్టు: విప్పడం వేరు, తెలియడం వేరు గురువుగారూ. నా బండికి బయటికి తిప్పితే ప్లగ్ నల్లబడుతోంది. ప్లగ్ అబద్ధమాడుతుందా?

చోక్‌వైర్: ఆపండిక. స్క్రూ ఎయిర్‌ఫిల్టర్ వైపుంటే అది గాలిది, బయటికి తిప్పితే లీన్. ఇంజిన్ వైపుంటే పెట్రోల్‌ది, బయటికి తిప్పితే రిచ్.

గ్యారేజ్_గురువు: నేనన్నదీ అదే. టూస్ట్రోక్ కార్బు గురించి చెప్పా.

నట్టుబోల్టు: టూస్ట్రోక్ అనే మాట పైన ఎక్కడుందో చూపించండి!

టూస్ట్రోక్_పొగ: మధ్యలో మమ్మల్నెందుకు లాగుతారు?

రబ్బరుసీలు: సీవీ రకం కార్బయితే స్ప్రే కొట్టేముందు డయాఫ్రం, అంటే లోపలి రబ్బరు పొర, తీసెయ్యండి. ఉబ్బిందంటే మళ్లీ గాడిలో కూర్చోదు. నిమ్మరసంలో ఉడకబెట్టే వీడియోలు నమ్మకండి, పులుపు కార్బు బాడీలోని జింకును తినేస్తుంది.

టూస్ట్రోక్_పొగ: నేను ఉడకబెట్టా. తళతళలాడింది.

రబ్బరుసీలు: పైన తళతళే. లోపలేమైందో చూశారా?

మూలనపడ్డబండి: పెట్రోల్ కారడం గురించి ఎవరైనా చెప్తారా?

చోక్‌వైర్: పెట్రోల్ లోపలికి రాకుండా ఆపే నీడిల్ వాల్వ్ కొన మీద గీత పడిందేమో చూడండి. ఫ్లోట్‌ను (పెట్రోల్‌లో తేలే బుడ్డిని) చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ చప్పుడైతే అది తేలదు, మార్చాల్సిందే. ఇంజిన్ ఆయిల్ కూడా వాసన చూడండి. పెట్రోల్ కలిసుంటే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

గ్యారేజ్_గురువు: అన్నిటికీ కారణం ఇథనాల్. నీళ్లు పీల్చుకుంటుంది. మా రోజుల్లో పెట్రోల్ అంటే...

నట్టుబోల్టు: మొదలెట్టారు.